ఉత్తరం కిటికీ గదికి రెండు సేజ్ గ్రీన్‌లలో ఒకటి ఎంచుకోవడం: నా అనుభవం

షేడ్ కార్డులో పక్కపక్కనే ఉన్న రెండు బూడిద కలిసిన ఆకుపచ్చలు చూపించి తేడా అడిగితే, షాపులో "రెండూ ఒకటేనండీ, ఏది వేయించుకున్నా బాగుంటుంది" అంటారు. కార్డు మీద చూస్తే అలాగే ఉంటాయి. గది నాలుగు గోడలకూ ఎక్కాక ఒకటి ఆకుపచ్చగా నిలుస్తుంది, రెండోది సిమెంటు రంగుకో ఆసుపత్రి గోడ రంగుకో జారిపోతుంది. ఏది ఎటు జారుతుందో పెయింటు కంపెనీ చెప్పలేదు. అది మీ కిటికీ, మీ బల్బు, మీ టైల్స్ చెప్పాల్సిన సంగతి.

దీనికి కారణం తెలిస్తే మిగతా పని సులువు. చిలకపచ్చ లాంటి గట్టి రంగు ఏ వెలుతురులో పెట్టినా చిలకపచ్చగానే కనిపిస్తుంది, ఎందుకంటే దానిలో సొంత రంగు ఎక్కువ. సేజ్ గ్రీన్ అని పిలిచే ఈ షేడ్లలో సొంత రంగు చాలా తక్కువ, బూడిద పాలే ఎక్కువ. అందుకే బల్బులోని కొద్దిపాటి నీలం, నేల నుంచి ఎగసే కొద్దిపాటి పసుపు కూడా వీటిని పూర్తిగా మార్చేయగలవు. రంగు ఎంత అణిగి ఉంటే గదికి అంత లొంగుతుంది.

ఇక్కడ చెప్పేది హైదరాబాద్‌లో రెండో అంతస్తు ఫ్లాట్‌లోని ఒక పడకగది గురించి. గది 12 అడుగులు, 11 అడుగులు, ఎత్తు 10. ఉన్నది ఒకే కిటికీ, ఉత్తరం వైపు, 5 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు. నేలకు ఐవరీ విట్రిఫైడ్ టైల్స్, ఒక గోడకు టేకు రంగు లామినేట్ వార్డ్‌రోబ్, పైన తెల్ల సీలింగ్, 20 వాట్ల ఎల్‌ఈడీ బ్యాటెన్, అంటే ట్యూబ్‌లైటు లాంటి పొడుగు దీపం. పాత రంగు పీచ్. మన ఫ్లాట్లలో సగం గదులు ఇంచుమించు ఇలాగే ఉంటాయి కాబట్టి ఈ వివరాలు చాలామందికి పనికొస్తాయి.

ఈ రంగు అడిగేవాళ్లలో ఎక్కువమంది అమెరికా ఇళ్ల ఫొటోలు చూసి వస్తారు. అక్కడి పెయింటు కంపెనీల్లో 2022 సంవత్సరపు రంగుగా బెంజమిన్ మూర్ అక్టోబర్ మిస్ట్‌ను, షెర్విన్ విలియమ్స్ ఎవర్‌గ్రీన్ ఫాగ్‌ను ప్రకటించాయి. రెండూ ఈ బూడిద ఆకుపచ్చల కుటుంబమే. అప్పటి నుంచి ఆ ఫొటోలు చేతులు మారుతూనే ఉన్నాయి. అక్కడి ఫొటోల్లో సాధారణంగా చెక్క నేల, పసుపు వెలుతురు దీపాలు, పెద్ద కిటికీలు ఉంటాయి. మనకు మెరిసే టైల్స్, తెల్లని ఎల్‌ఈడీ, కిటికీ మీద ఛజ్జా. అదే షేడ్ కోడు ఇక్కడ కలిపించినా అక్కడి గది రాదు. ఫొటోను ఇష్టం చెప్పుకోవడానికి వాడుకోవాలి, షేడ్ తేల్చుకోవడానికి కాదు.

ముందుగా కార్డు మీదే ఒక్క పని చేయొచ్చు. మీకు నచ్చిన రెండు షేడ్లూ ఏ పట్టీలో ఉన్నాయో చూసి, ఆ పట్టీలో అన్నిటికంటే ముదురుగా ఉన్న షేడ్‌ను గమనించండి. లేత షేడ్‌లో దాగి ఉన్న మొగ్గు అక్కడ బయటపడుతుంది. నేను పోల్చిన రెండింటిలో ఒకదాని పట్టీ అడుగున పాచి రంగు, అంటే పసుపు మొగ్గు. రెండోదాని అడుగున నెమలి రంగుకు దగ్గరగా ఉండే ముదురు ఆకుపచ్చ, అంటే నీలి మొగ్గు. ఇక్కడి నుంచి వాటిని ఆ పేర్లతోనే పిలుస్తాను. కార్డు మీది ఫ్యాన్సీ పేర్లను, "మిస్ట్", "మాస్", "హెర్బ్" లాంటివాటిని, లెక్కలోకి తీసుకోకూడదు. ఆ పేరుకూ లోపలి మొగ్గుకూ సంబంధం ఉండాలనే నియమం ఏమీ లేదు.

రెండో పని షాపులో. రంగు కలిపే మెషీన్ కంప్యూటర్‌లో ఆ షేడ్ ఫార్ములా కనిపిస్తుంది. చూపించమని అడగండి, చాలామంది చూపిస్తారు. ఏ బేస్‌లో (రంగు కలపని మూల పెయింటులో) ఏయే కలరెంట్, అంటే గాఢమైన రంగు ద్రవం, ఎంత పడుతుందో అందులో ఉంటుంది. ఈ రకం ఆకుపచ్చలను రెండు దారుల్లో తయారుచేయొచ్చు. ఒకటి, ఎల్లో ఆక్సైడ్ అనే మట్టి పసుపు కలరెంట్‌లో నలుపు వేసి, చిటికెడు ఆకుపచ్చతో సరిచేయడం. పసుపులో నలుపు కలిస్తేనే ఒక రకం ఆకుపచ్చ పుడుతుంది. రెండు, థాలో గ్రీన్ లేదా థాలో బ్లూ అనే చాలా ఘాటైన ఆకుపచ్చ, నీలం కలరెంట్లతో మొదలుపెట్టి, నలుపుతోనూ కొద్దిగా ఎరుపుతోనూ దాని జోరు అణచడం. ఇలా వేర్వేరు సరుకులతో తయారైన రెండు రంగులు ఒక వెలుతురులో అచ్చం ఒకేలా కనిపించి, ఇంకో వెలుతురులో విడిపోతాయి. షాపు ట్యూబ్‌లైటు కింద "రెండూ ఒకటే" అనిపించినవి ఇంటికొచ్చాక వేరైపోవడానికి ముఖ్యమైన కారణం ఇదే. ఫార్ములాలో ఎల్లో ఆక్సైడ్ పాలు ఎక్కువ కనిపిస్తే ఆ షేడ్ పసుపు దీపం కింద ఖాకీ వైపు వెళ్తుందని ముందే అనుకోవచ్చు.

ఇక శాంపిల్. అసలు తీర్పు ఇక్కడే తేలుతుంది కాబట్టి దీన్ని తొందరపడి చేయకూడదు.

గోడ మీద నేరుగా అరడుగు ముక్క పూయించి చూడటం అందరూ చేసే పనే, కానీ దాని వల్ల పెద్దగా ఉపయోగం లేదు. పాత పీచ్ గోడ మీద ఆకుపచ్చ ముక్క వేస్తే చుట్టూ ఉన్న ఎరుపు ఛాయ వల్ల ఆ ఆకుపచ్చ ఉన్నదానికంటే పచ్చగా కనిపిస్తుంది. రెండు షేడ్లనూ ఆనించి పక్కపక్కన వేస్తే ఒకటి రెండోదాన్ని ఎదుటి వైపు నెడుతుంది: పసుపు మొగ్గుది మరింత పసుపుగా, నీలి మొగ్గుది మరింత నీలంగా అనిపిస్తుంది. ఈ రెండూ ఒకే గదిలో ఎప్పుడూ కలిసి ఉండవు కదా, ఆ పోలిక చూసి ఏం లాభం? లప్పం మీద ప్రైమర్ లేకుండా పూస్తే ఇంకో తిప్పలు. లప్పం నీటిని, బైండర్‌ను (రంగును పట్టి ఉంచే జిగురును) పీల్చేసుకుంటుంది, రంగు అక్కడక్కడ సున్నం కొట్టినట్టు వెలిసి, మచ్చలుగా ఆరుతుంది.

అందుకని శాంపిల్ చూసే పనిని గది మొత్తం లప్పం పెట్టి, గరుకు కాగితంతో రుద్ది, తెల్ల ప్రైమర్ ఒక కోటు పడ్డాకే పెట్టుకోవాలి. ఎలాగూ ఆ ప్రైమర్ వేయాల్సిందే, అదనపు ఖర్చు లేదు. అప్పుడు పాత రంగు గొడవ పోతుంది.

శాంపిల్‌ను గోడ మీద కాకుండా బోర్డుల మీద వేయించాలి. డ్రాయింగ్ సామాను షాపుల్లో దొరికే తెల్ల మౌంట్ బోర్డు, దాదాపు రెండడుగుల పొడవుది, ఒక్కో షేడ్‌కు రెండు. పలచటి చార్టు అయితే తడికి ముడుచుకుపోతుంది. మౌంట్ బోర్డు కూడా ఒంగకుండా వెనక వైపు ఒక ప్రైమర్ కోటు వేయడం మంచిది. ముందు వైపు ప్రైమర్ ఒకటి, రంగు రెండు కోట్లు, కోటుకూ కోటుకూ మధ్య కనీసం నాలుగు గంటలు. గోడకు వాడబోయే రోలర్‌తోనే వేయాలి, ఎందుకంటే బ్రష్ గీతలూ రోలర్ గింజా వెలుతురును వేరువేరుగా విరుస్తాయి. నీళ్లు కూడా గోడకు ఎంత కలుపుతారో అంతే, డబ్బా మీద రాసిన పాళ్లలో. అంచుల దాకా పూయండి. చుట్టూ తెల్ల మార్జిన్ వదిలితే దాని పక్కన షేడ్ ముదురుగా అనిపిస్తుంది. ఎమల్షన్ తడిగా ఉన్నప్పుడు పాలలా తేలికగా కనిపించి, ఆరాక కొంచెం ముదురుతుంది కాబట్టి ఒక రాత్రి గడిచాకే చూడాలి.

ఇంకో సంగతి. రెండు షేడ్లనూ ఒకే ప్రొడక్టులో, ఒకే మెరుపులో కలిపించుకోవాలి. ఒకటి మ్యాట్‌లో (మెరుపు లేనిది), ఇంకొకటి షీన్‌లో (మెరుపు ఉన్నది) వేసి పోల్చితే మీరు చూస్తున్నది రంగు తేడానో మెరుపు తేడానో తెలియదు. మ్యాట్ అన్ని వైపుల నుంచీ ఒక పిసరు తేలిగ్గా, పొడిగా కనిపిస్తుంది. షీన్ ఎదురుగా చూస్తే ముదురుగా, కిటికీ పక్క నుంచి చూస్తే మెరుస్తూ ఉంటుంది.

ఒక షేడ్‌కు రెండు బోర్డులు ఎందుకంటే, వాటిని గది మూలలో పుస్తకం తెరిచినట్టు నిలబెట్టడానికి. ఒక బోర్డు నుంచి ఎగసిన ఆకుపచ్చ వెలుతురు రెండోదాని మీద పడి, మూలలో రంగు చిక్కబడుతుంది. నాలుగు గోడలకూ ఆ రంగే వేస్తే గది అంతటా జరిగేది ఇదే. కార్డు ముక్క ఈ సంగతి ఎప్పటికీ చూపించలేదు, బోర్డు ఒక్కటైనా చూపించదు. మూలలో కనిపించే ఆ చిక్కదనం మీకు ఎక్కువ అనిపిస్తే, అదే పట్టీలో ఒక మెట్టు తేలికైన షేడ్‌కు వెళ్లాలి.

ఒకసారికి ఒక షేడ్ బోర్డులే గదిలో ఉండాలి. రెండోవి బయట. గదిలోకి అడుగుపెట్టిన మొదటి కొన్ని క్షణాల్లో కలిగే అభిప్రాయాన్నే నమ్మండి. అదే పనిగా చూస్తూ కూర్చుంటే కన్ను ఆ రంగుకు అలవాటుపడి, ఆకుపచ్చను తీసేసి చూడటం మొదలుపెడుతుంది. అప్పుడు ఏ సేజ్ గ్రీన్ అయినా బూడిదే.

వెలుతురు విషయంలో ఇంగ్లిష్ వ్యాసాల్లో చదివిన సలహాలను కొంచెం సర్దుకోవాలి. ఉత్తరం గదికి ఎండ తగలదు, నీలి ఆకాశపు వెలుతురే వస్తుంది అని రాస్తారు. న్యూజెర్సీలోనో లండన్‌లోనో మధ్యాహ్నపు సూర్యుడు ఏడాదంతా దక్షిణానే ఉంటాడు, అక్కడికి అది చాలావరకు సరిపోతుంది. హైదరాబాద్ ఉన్నది దాదాపు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా ఇక్కడ మధ్యాహ్నపు సూర్యుడు మన నెత్తికి ఉత్తరంగా ఉంటాడు. ఆ నెలల్లో ఉదయం, సాయంత్రం ఏటవాలు ఎండ ఉత్తరం కిటికీలోంచి పక్కగోడ మీదికి వస్తుంది. డిసెంబరు, జనవరిలో అదే గదికి నేరుగా ఎండ చుక్క రాదు, వచ్చేదంతా ఆకాశపు నీలి వెలుతురు. వానాకాలపు మబ్బు వెలుతురు ఈ రెండింటికీ మధ్యలో, మెత్తగా, ఏ వైపూ మొగ్గకుండా ఉంటుంది. కాబట్టి బోర్డులు చూసేటప్పుడు ఏ కాలంలో ఉన్నామో గుర్తుపెట్టుకుని, మిగతా కాలాన్ని ఊహించుకోవాలి. చలికాలంలో చూస్తుంటే నీలి మొగ్గు కాస్త ఎక్కువగానే కనిపిస్తోందని, వేసవిలో చూస్తుంటే తక్కువగా కనిపిస్తోందని లెక్కవేసుకోవాలి.

ఈ గదిలో పగలు తేలింది ఇది. నీలి మొగ్గు బోర్డు కిటికీ ఎదురుగోడ మీద పర్వాలేదు, కానీ కిటికీ ఉన్న గోడ మీద, అంటే వెలుతురు వెనక నుంచి వచ్చేచోట, ఆకుపచ్చ పూర్తిగా చచ్చిపోయి నీలి బూడిదగా మిగిలింది. చాలామంది ఎదురుగోడ మీద ఒక్కచోటే చూసి తేల్చేస్తారు. గదిలో అన్నిటికంటే చీకటి గోడ కిటికీ ఉన్న గోడే, తేలికైన రంగులు ఓడిపోయేది అక్కడే. పసుపు మొగ్గు బోర్డు అదే చోట మసకబారింది గానీ ఆకుపచ్చ అని గుర్తుపట్టేలా నిలిచింది.

రాత్రి సంగతి పగటికంటే ముఖ్యం అంటాను. పడకగదిని మనం ఎక్కువగా చూసేది దీపం కిందే. బల్బు వెలుతురు రంగును కెల్విన్‌లో చెబుతారు, అంకె పెరిగేకొద్దీ నీలం వైపు, తగ్గేకొద్దీ పసుపు వైపు. మన ఇళ్లలో బ్యాటెన్లు చాలావరకు 6500 కెల్విన్, కూల్ డేలైట్ రకం. ఆ వెలుతురులో నీలం పాలు ఎక్కువ. దాని కింద నీలి మొగ్గు షేడ్ పుదీనా వైపు, పాత ఆసుపత్రి వార్డుల గోడ వైపు వెళ్లింది. పసుపు మొగ్గు షేడ్ నీరసంగా అనిపించింది గానీ చల్లబడలేదు. 3000 కెల్విన్ వార్మ్ వైట్ కింద కథ తిరగబడింది: నీలి మొగ్గుది ఒద్దికైన బూడిద ఆకుపచ్చగా, అమెరికా ఫొటోల్లో ఉన్నట్టు కుదిరింది, పసుపు మొగ్గుది ఖాకీ యూనిఫాం గుడ్డలా తేలింది. 4000 కెల్విన్, నేచురల్ వైట్ అని అమ్మేది, కింద రెండూ తమ తమ రంగుల్లో కనిపించాయి. ఈ పరీక్షకు పెద్ద ఖర్చు లేదు, మూడు రకాల 9 వాట్ల బల్బులు, ఒక హోల్డర్ చాలు. అట్టపెట్టె మీద సీఆర్‌ఐ అంకె (ఆ వెలుతురు రంగులను ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పేది) ఉంటే 90కి పైన ఉన్నది తీసుకోండి. 80 ఉన్న బల్బు కింద అణిగిన రంగుల మధ్య తేడాలు మరింత మసకబారుతాయి.

నేల మాటకొస్తే, ఐవరీ టైల్‌లో పసుపు ఉంది. మెరిసే టైల్ కాబట్టి గోడ కింది భాగానికి ఆ పసుపును విసురుతుంది. బోర్డును నేలకు ఆనించి నిలబెట్టి చూస్తే ఇది తెలుస్తుంది. నీలి మొగ్గు బోర్డు పక్కన టైల్స్ సరిగా తుడవని నేలలా కనిపించాయి, వాటిలోని పసుపు ఎత్తి చూపినట్టు అయింది. పసుపు మొగ్గు బోర్డు పక్కన అవే టైల్స్ శుభ్రంగా, మీగడ రంగులో ఉన్నాయి. నేల మార్చలేం, గోడ మార్చగలం. ఈ ఒక్క కారణంతోనే నిర్ణయం సగం తేలిపోతుంది. టేకు రంగు వార్డ్‌రోబ్ ఎరుపు వైపు ఉండే గోధుమ కాబట్టి రెండు ఆకుపచ్చలనూ కొంచెం పచ్చగా చేసి చూపింది, అది రెండింటికీ సమానమే. మీ నేల నీలి తాండూరు బండ అయితే, లేదా బూడిద రంగు టైల్ అయితే ఫలితం తారుమారవుతుంది. అక్కడ నీలి మొగ్గు షేడ్ హాయిగా కుదిరిపోతుంది. పడమటి కిటికీ ఉన్న గదికైనా అంతే, సాయంత్రపు ఎండలో పసుపు మొగ్గు షేడ్ మరీ ఎండుగడ్డిలా అవుతుంది.

ఫోను కెమెరా గురించి రెండు మాటలు. అది గదిలో తెలుపు ఏదో తనే ఊహించుకుని రంగులన్నీ సరిచేసేస్తుంది. గది నిండా లేత ఆకుపచ్చ ఉంటే ఆ ఆకుపచ్చనే తీసేయడానికి ప్రయత్నిస్తుంది. అందుకే ఊళ్లో ఉన్న అమ్మకో, విదేశంలో ఉన్న తమ్ముడికో వాట్సాప్‌లో ఫొటో పంపి "ఏది బాగుంది" అని అడిగితే వచ్చే జవాబు గురించి పట్టించుకోనక్కర్లేదు. అయితే ఫోనుతో ఒక మంచి పని జరుగుతుంది. రెండు బోర్డులనూ ఒకే ఫొటోలో తీసి బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చండి. రెండూ ఒకే బూడిదలా కనిపిస్తే వాటి ముదురుతనం సమానం, తేడా అంతా మొగ్గులోనే ఉన్నట్టు. ఒకటి నల్లగా తేలితే అది గదిని ఎక్కువ చీకటి చేస్తుంది. కొన్ని కంపెనీల కార్డుల మీద ఎల్‌ఆర్‌వీ అని సున్నా నుంచి వంద దాకా ఒక అంకె ఉంటుంది, అది చెప్పేదీ ఇదే. ఒకే చిన్న కిటికీ ఉన్న గదికి ఈ అంకె 45 కంటే తక్కువున్న షేడ్‌ను నాలుగు గోడలకూ వేయమని నేను చెప్పను.

చివరికి ఈ గదికి పసుపు మొగ్గు షేడ్, దీపానికి 4000 కెల్విన్ బ్యాటెన్. ఈ రెండూ కలిపి ఒకే నిర్ణయం. బల్బు మార్చకపోతే షేడ్ నీరసంగానే ఉండిపోతుంది. వార్మ్ వైట్ దీపాలే ఉండాలని పట్టుదల ఉన్నవాళ్లు ఇదే గదిలో నీలి మొగ్గు వేసుకుని, నేల మీద పెద్ద రగ్గు పరుచుకోవడం మేలు.

ఇక పెయింటు ఎంత కావాలి? గోడల చుట్టుకొలత 46 అడుగులు, ఎత్తు 10తో గుణిస్తే 460 చదరపు అడుగులు. గది తలుపు, బాత్‌రూమ్ తలుపు కలిపి 38, కిటికీ 20, వార్డ్‌రోబ్ 7 × 7 అంటే 49, ఇవన్నీ తీసేస్తే 353. మంచి ఎమల్షన్ నున్నటి గోడ మీద రెండు కోట్లకు లీటరుకు 130 చదరపు అడుగుల చొప్పున వస్తుందనుకుంటే 2.7 లీటర్లు. నాలుగు లీటర్ల డబ్బా తీసుకుంటే టచప్‌కు మిగులుతుంది. రంగు కలిపే బేస్ డబ్బాలో కలరెంట్‌కు చోటు వదిలి కొంచెం తక్కువ నింపుతారు, లెక్కవేసేటప్పుడు డబ్బా మీది అంకె చూసుకోండి.

ఒకే గదికి రెండు డబ్బాలు కావాల్సివస్తే రెండింటినీ ఒక పెద్ద బకెట్‌లో పోసి కలిపేయాలి. థాలో గ్రీన్ చాలా బలమైన కలరెంట్, మెషీన్ ఒక బొట్టు ఎక్కువ తక్కువ వదిలినా ఇలాంటి షేడ్‌లో తెలిసిపోతుంది. చిన్న డబ్బాలో ఆ బొట్టు వాటా ఇంకా పెద్దది. అందుకే శాంపిల్ డబ్బాకూ పెద్ద డబ్బాకూ వెంట్రుకవాసి తేడా రావచ్చు. పెద్ద డబ్బా తెచ్చిన వెంటనే బోర్డు మీద ఒక మూల పూసి, ఆరనిచ్చి, చూసుకున్నాకే గోడ మొదలుపెట్టించండి. ఒక గోడ అయ్యాక తేడా కనిపెట్టి షాపుకు వెళ్తే, కలిపిన రంగును వెనక్కి తీసుకోరు.

పనిలో తప్పులు ఎక్కువగా జరిగేది అంచుల దగ్గర. మేస్త్రీలు అలవాటుగా ముందు నాలుగు గోడల అంచులూ బ్రష్‌తో గీసుకుని, మధ్యాహ్నం రోలర్ పడతారు. అప్పటికి అంచులు ఆరిపోయి, చుట్టూ ఫ్రేము కట్టినట్టు ముదురు పట్టీ మిగిలిపోతుంది. తెలుపులో ఇది కనిపించదు, ఈ మధ్యరకం ఆకుపచ్చల్లో బాగా కనిపిస్తుంది. ఒక గోడ అంచు గీయడం, తడి ఆరకముందే ఆ గోడ రోలర్ పూర్తిచేయడం, తర్వాతే రెండో గోడ. ఇలా చేయమని ముందే చెప్పుకోవాలి. ఫ్యాన్ ఆపించాలి. రెండో కోటుకు నీళ్లు మొదటిదానికంటే ఎక్కువ పోస్తే మచ్చలు వస్తాయి. బాత్‌రూమ్ గోడకు చెమ్మ ఉంటే అది ఆరకుండా రంగు వేయొద్దు. లోపలి ఉప్పు బయటికొచ్చి ఆకుపచ్చ మీద తెల్లటి పొడలుగా తేలుతుంది, రంగు మార్చినంత మాత్రాన అది పోదు.

మిగిలిన పెయింటును పెద్ద డబ్బాలో అడుగున ఉంచితే గాలికి పొర కడుతుంది. మూత గట్టిగా పట్టే చిన్న ప్లాస్టిక్ సీసాలో నిండుగా పోసి, షేడ్ కోడు, ప్రొడక్టు పేరు, కలిపిన తేదీ రాసి పెట్టండి. మూత మీది ఫార్ములా స్టిక్కర్‌ను ఫొటో తీసి ఉంచుకోండి. టచప్ చేసేటప్పుడు బ్రష్ వద్దు, అదే రకం చిన్న రోలర్‌తో పలచగా వేయాలి. ఏడాది దాటాక మచ్చ ఒక్కటే సరిచేయాలని చూడకండి, ఆ గోడ మూల నుంచి మూల దాకా ఒక కోటు వేస్తేనే అతుకు కనిపించదు.